పలువన్నెల ముత్యాల హారము

ముత్యమనగానే మనవారికి తెలుపు తోచును. చక్కని పలువరుసను ముత్యాల వరుసయందుము. కుదురైన చేతివ్రాతను ముత్యాల కోవయందుము. కంకి నిండిన తెల్లజొన్నను చూచి రైతు ముత్యములవలె నున్నవని మురియును. ఈ మాటలన్నిటను తెలుపును, గుండ్రదనమును, ఒకదానితో నొకటి సరిపోలుటయును ఇమిడియున్నవి. కావున ఒకే పేటలో మీగడ వన్నె, లేత నారింజ వన్నె, గులాబి వన్నె, ఊదా వన్నె గల ముత్యములు కలసియుండగా చూచినప్పుడు మనలో పలువురు "ఇవి మంచివేనా?" యని శంకింతురు. ఈ శంకను గుఱించియు, దాని వెనుకనున్న కొంత శాస్త్రమును, కొంత వర్తకమును, మా యింట జరిగిన యొక చర్చను గుఱించియు ఈ సంచిక చదువరులకు నాలుగు మాటలు విన్నవింప దలచితిమి.

మా యూరు యాడికి మెట్టసీమలోనిది. తూర్పు సముద్రతీరము ఇచ్చటికి రెండువందల కిలోమీటర్లకు పైబడి దూరమున నున్నది. అనంతపురము జిల్లాలో ఏడాది సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఇట్టి సీమలో పుట్టినవారు ముత్యములను గుఱించి వ్రాయుట వింతగా దోపవచ్చును. కాని ముత్యమును వానతో ముడివెట్టినది మనవారే గదా! స్వాతికార్తెలో పడిన చినుకు నోరు తెఱచిన చిప్పలోనికి జాఱి ముత్యమగునని పెద్దలు చెప్పుదురు. కార్తెల లెక్కతో సేద్యము సాగించు రైతునకు ఈ కథలోని భావము వెంటనే బోధపడును. అదను తప్పక పడిన చినుకు విలువ ముత్యపు విలువయే. శాస్త్రము ఈ కథను ఒప్పుకొనదు. అయినను వానకై మొగము వాచిన జనులు దేనిని దేనితో పోల్చిరో తెలుపు సాక్ష్యముగా దానిని మేము ప్రేమింతుము.

శాస్త్రము చెప్పునది యిది. ముత్యపు చిప్పలోని మెత్తని ప్రాణికి దేహమును కప్పి పలుచని పొర యొకటి యుండును. గుల్లను కట్టునది ఆ పొరయే. దానికి గాయమైనపుడో, పరాన్నజీవి యేదైన లోన జొచ్చినపుడో ఆ పొరలోని కణములు కొన్ని దేహము లోపలికి చేరి చిన్న సంచివలె నేర్పడును. ఆ సంచి యొక మెఱుగు పదార్థమును పొరపై పొరగా స్రవించును. నెలలకును, ఏండ్లకును అది ముత్యమగును. ఆ పదార్థములో అధికభాగము కాల్షియము కార్బొనేటు. అది అరగొనైటు అను స్ఫటికరూపమున సన్నని పలకలై పేర్చబడి యుండును. పలకకును పలకకును నడుమ ప్రాణి యొక్క మాంసకృత్తు సున్నము నడుమ బంకవలె పనిచేయును. ఒక్కొక్క పలక మందము మిల్లీమీటరులో సుమారు రెండువేలవ వంతు. వెలుతురు అలల పొడవును ఇంచుమించు అంతియే. కావున పలకలపై పడిన వెలుతురు కొంత పైపొర నుండియు, కొంత లోపొరల నుండియు తిరిగివచ్చి కలసికొనునప్పుడు కొన్ని రంగులు బలపడును, కొన్ని క్షీణించును. సబ్బుబుడగపై ఆడు రంగులకును కారణమిట్టిదే.

మనకు పొరుగున నున్న బెంగుళూరులో పనిచేసిన సర్ సి. వి. రామనుగారు ఈ విషయమును శ్రద్ధతో పరిశీలించిరి. 1930లో నోబెలు బహుమానము నందిన పిమ్మట వారు రంగులీను గుల్లల మీదను, తరువాత 1954లో ముత్యముల నిర్మాణము మీదను పరిశోధన వ్యాసములు ప్రకటించిరి. అంతటి పండితుడు చిప్పపెంకును చేతబట్టి దాని వన్నెలకు కారణము వెదకుట మన బాలురకు స్మరణీయమైన సంగతి. 1928లో వారు కనిపెట్టిన ఫలితము నాధారము చేసికొని యేర్పడిన వర్ణపట పరీక్షచేతనే నేటి శాస్త్రజ్ఞులు మంచినీటి ముత్యములలోని నారింజ, గులాబి, ఊదా వన్నెలకు కారణమైన రంజకద్రవ్యములను గుర్తించుచున్నారు.

కావున ముత్యపు రంగు ఒకటి కాదు, మూడు. మొదటిది మేనివన్నె, అది రంజకద్రవ్యమువలన గలిగినది. రెండవది పైచాయ, తెల్లని ముత్యముపై తేలియాడు గులాబి నీడవంటిది, నల్లని దానిపై మెఱయు పచ్చని నీడవంటిది. మూడవది ముత్యమును త్రిప్పినకొలది కదలాడు ఇంద్రధనువు జాడ. ఈ మూడును అన్ని ముత్యములలోను సమముగా నుండవు. ఒకే జాతి చిప్పలయందును వన్నెలు మాఱుచుండును. ప్రకృతి ఎన్నడును తెల్లని ముత్యములనే కొలిచి పోయలేదు.

ఈ సంగతి మన పూర్వులకు తెలియనిది కాదు. ఆఱవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో ముత్యములకు ప్రత్యేకముగా నొక యధ్యాయము కేటాయించెను. ఏ దేశపు ముత్యము ఏ వన్నెదో అందు వివరించెను. తామ్రపర్ణీ ప్రాంతపు ముత్యములు కొంచెము ఎఱ్ఱదేలిన తెలుపనియు, సౌరాష్ట్రపు ముత్యములు వెన్నవంటివనియు చెప్పెను. నలుపు, పసుపు కలసిన వానిని గూడ ఆయన లెక్కలోనికి తీసికొనెను. వన్నె చూచి ఊరు చెప్పగలుగుట ఆనాటి పరీక్షకులకు విద్య.

నేటి ప్రపంచమునను అట్లే. తాహితి దీవుల నల్లపెదవి చిప్పలు బూడిదవన్నె మొదలు నెమలికంఠపు పచ్చదనము వఱకు గల ముత్యముల నిచ్చును. ఫిలిప్పీనుల సముద్రమున బంగారు వన్నెవి లభించును. ఆస్ట్రేలియా తీరపు ముత్యములు వెండివలె తెల్లనివి. చీనా దేశపు మంచినీటి ఆల్చిప్పలు మీగడ, నారింజ, గులాబి, ఊదా వన్నెలను ఇచ్చును. మన దక్షిణమున తూత్తుకుడి తీరపు ముత్యపు వేట పూర్వకాలము నుండి ప్రసిద్ధమైనది. 1955 మొదలు 1961 వఱకు జరిగిన వేటలే అచ్చట కడపటివి. 1973లో అదే తీరమున కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు చిప్పలలో ముత్యములను పెంచుటలో కృతార్థులైరి.

ఇక తెలుగువారికి ముత్యముల యంగడి యనగా హైదరాబాదు. చార్మినారు దాపున పత్తర్‌గట్టీలో వరుసగా నున్న ముత్యాల దుకాణములను చూడనివారు అరుదు. అచ్చటికి ముత్యములు పూర్వము పారశీక సింధుశాఖ నుండి వచ్చెడివి. బస్రా రేవు మీదుగా వర్తకము సాగుటచే వానికి బస్రా ముత్యములని పేరు వచ్చెను. అవి మనుష్యుడు పెంచినవి కావు, సముద్రమున తమంత దాము పుట్టినవి. జపాను దేశమున మికిమోతో 1893లో చిప్పలో అర్ధముత్యమును పుట్టించెను; కొంతకాలమునకు నిండుముత్యములును పెంపకముచే లభించెను. ఆ పోటీకి తోడు 1930ల నాటికి ఆ సింధుశాఖ తీరములందు చమురు బయల్పడుటచే ముత్యపు వేట క్షీణించెను. నేడు హైదరాబాదు అంగళ్లలో అమ్ముడగు ముత్యములలో పెక్కు చీనా దేశపు మంచినీటి చెఱువులలో పెంచినవి.

ఈ మార్పు మన చర్చకు ముఖ్యము. నైజాము నగలలో సత్లడా యను ఏడుపేటల హారమున్నది. అందు 465 బస్రా ముత్యములున్నవి. భారత ప్రభుత్వము 1995లో 173 నైజాము నగలను 218 కోట్ల రూపాయలకు కొన్నది; 2019లో ఢిల్లీలోని జాతీయ ప్రదర్శనశాలలో ప్రజలు ఆ నగలను చూచిరి. సముద్రము తనంత తానిచ్చిన ముత్యములలో సరిగా సరిపోలు రెండింటిని పట్టుటయే కష్టము. వందలకొలది సరిపోలునవి దొరకుటకు ఎన్ని రాసులు జల్లించవలెనో, ఎన్నియేండ్లు కాచుకొనవలెనో ఊహింపవచ్చును. కావున ఆ కాలమున ఒకే తీరు గల హారము మహావైభవమునకు గుర్తు. దానికి విలువ కట్టుట న్యాయమే.

నేడన్ననో, ఒక్క మంచినీటి ఆల్చిప్పలో ఇరువదికి మించి ముత్యములు పెంచుచున్నారు. రాసులు విస్తారము, ఏరుట సులభము. అంతేకాదు, తెలుపును గూడ చేతితో చేయుచున్నారు. హైదరాబాదులో పచ్చి ముత్యములను ఏరి, తొలిచి, కాచి, హైడ్రొజను పెరాక్సైడు కలిపిన నీటిలో నుంచి, దినముల తరబడి ఎండ తగులనిచ్చి నలుపును పోగొట్టుదురు. ఇది మోసము కాదు. తెలిసి చేయు పరిశ్రమయే. కాని ఒకప్పుడు అరుదగుటచే గౌరవము పొందిన తెలుపు నేడు పనివాని సీసాలోనుండి వచ్చుచున్నది. గౌరవము మాత్రము పాతదే నిలిచియున్నది. ఇదియే మా యింట చర్చకు మూలము.

మా చెల్లెలి కూతురు, మా మేనకోడలు, పట్టపరీక్ష ముగించి ఉపాధ్యాయ శిక్షణలో చేరదలచియుండగా పెండ్లి కుదిరెను. పెండ్లి పిమ్మట చదువు సాగింపవచ్చునని వరుని వారును అంగీకరించిరి. మా బావ మెట్ట రైతు. వరుసగా రెండేండ్లు పంట తక్కువై, మూడవయేట వేరుసెనగ కొంత చేతికి వచ్చెను. ఆ సొమ్ములో శిక్షణకు కట్టవలసిన రుసుమును వేఱుగా ముడిగట్టి, మిగిలినదానితో పెండ్లి సామగ్రి కొనవలెనని నిశ్చయించిరి. బట్టలతో పాటు ముత్యాల పేటయొకటి కొనుటకు పిల్లను, చెల్లెలిని వెంటబెట్టుకొని మేము హైదరాబాదు వెళ్లితిమి.

అంగడివాడు తెల్లని పళ్లెములలో పేటలు పఱచెను. తెల్లని వానిని చూచుచు చెల్లెలు ధర అడుగుచుండగా పిల్ల చూపు ప్రక్క పళ్లెముపై నిలిచెను. అందు ఏడు మిల్లీమీటర్ల ముత్యములు 61 ఒకే పేటగా గ్రుచ్చబడి, ముత్యమునకును ముత్యమునకును నడుమ పట్టుముడి వేయబడి యుండెను. అందులో రెండు ముత్యములైన ఒకే వన్నెవి కావు. మీగడ ప్రక్క లేత నారింజ, దాని ప్రక్క గులాబి, దాని వెనుక ఊదా, మరల మీగడ. పిల్ల దానిని చేతికి తీసికొని, "మామా, ఇది కావాల" అనెను. ఆమె అంతకుమున్ను ఆ పెండ్లి సామగ్రిలో దేనిని తనకై అడిగినది కాదు. మేము ముడుల దగ్గఱను, తూట్ల యంచులయందును బాగుగా పరిశీలించి, రంగు పులుముకొని యుండలేదని తృప్తిపడి, కొంటిమి.

యాడికికి వచ్చి పేట విప్పగానే ఇంట తర్కము మొదలయ్యెను. పిల్ల పెదనాయన దానిని అటునిటు త్రిప్పి, "ఇవి తెల్లపేటలు గ్రుచ్చగా మిగిలిన ఏరివేతలు. ఒకదానికొకటి జతకుదరక అన్నిటిని కలిపి నీకు అంటగట్టినారు" అనెను. మఱియొక బంధువు, "పిల్ల చామనచాయ. దానికి తెల్లనివి పెట్టితే గదా మెడ కొంచెము తేటగా అవుపడేది?" యనెను. పిల్ల అక్కడనే యుండెను. ఆమె మాటాడక లోపలికి పోయెను. చివరకు తీర్మానమేమనగా, ఈ పేటను తిరిగి యిచ్చి, సముద్రపు తెల్లముత్యముల పేట పెద్దది తేవలెను. చాలని సొమ్మునకు శిక్షణ రుసుము ముడి విప్పవలెను. అదియు చాలనిచో పట్టాదారు పాసుపుస్తకమును కుదువబెట్టి అప్పు తేవలెను. మెట్టసీమలో అప్పు ఎట్లు పెరుగునో చదువరులకు చెప్పనక్కఱలేదు. వాన తప్పినను వడ్డీ తప్పదు. ఒక పేట తెలుపుకొఱకు పిల్ల చదువును, చేనును పందెమున నొడ్డుటకు మా బావ లోలోన ఇష్టపడకున్నను, వరుని వారి యెదుట చిన్నపోదుమను వెఱపుచే మౌనము వహించెను.

అప్పుడు మా మేనత్త కలుగజేసికొనెను. ఆమె వయస్సు డెబ్బదికి మించెను. యాడికిలో చేనేత తరతరములుగా నున్న వృత్తి. ఆమెయు మగ్గపుటింటనే మెట్టి, నలుబదియేండ్లు పట్టుచిలపలకు రంగులద్దుటయు, పడుగు తీయుటయు, అంచులకు వన్నెలు కూర్చుటయు చేసినది. చదువు లేదు, కాని రంగు విషయమున ఆమె మాటకు ఊరిలో ఎదురులేదు. "రేపు పొద్దున చూస్తాము. దీపం వెలుతురులో రంగు చూసేవాడు కొనేవాడు కాదు, మోసపోయేవాడు" అని పేటను తన కొంగున ముడివేసికొనెను.

మఱునాటి ఉదయమున ఎండ నేరుగా తగులని ఉత్తరపు పంచలో ఆమె ఉతికిన తెల్లపంచె నొకటి పఱచి, దానిపై ముత్యాల పేటను నిలువుగా చాచెను. ప్రక్కన పొరుగింటివారి తెల్లముత్యాల పేటయొకటి యుంచెను. అందఱిని కూర్చుండబెట్టి ఆమె చేసిన పరీక్ష పాఠశాలలో పాఠమునకు తీసిపోదు.

మొదట ఆమె రంగు చూడలేదు. కనులు సగము మూసికొని చూచెను. కనులు చికిలించినచో రంగు వెనుకకు పోయి మెఱుగు ముందుకు వచ్చును. నేతగాండ్రు పట్టు నాణ్యము చూచు విధమిదియే. "ప్రతి గింజలోనూ వాకిలి కనబడుతుందేమో చూడండి" అనెను. నిజమే. పంచ వాకిలియు, దాని వెలుపలి వేపచెట్టును, ఒక్కొక్క ముత్యములో చిన్నదై, తీరుగా కనబడుచుండెను. తెల్లపేటలో అట్టి ప్రతిబింబము మసకగా నుండెను. తెలుపుండియు మెఱుగు లేదు. ముత్యమునకు ప్రాణము మెఱుగు. పొరలు దట్టముగను, పలకలు తీరుగను పేరుకొన్ననే అది కలుగును.

పిమ్మట ఆమె పేటను అఱచేతిలో దొర్లించెను. "ఏరివేతలైతే ఒకటి లావు, ఒకటి సన్నం ఉంటాయి. ఒకటి గుండ్రం, ఒకటి సొట్ట ఉంటాయి. అన్నీ ఒక్క లావు, ఒక్క మెరుగు. రంగు తప్ప అన్నీ కుదిర్చినారు. ఇది మిగిలినది కాదు అల్లుడా, ఏరి కూర్చినది" అని మా బావతో ననెను. ఇచ్చట మేము చదువరుల దృష్టిని కొంచెము నిలుపగోరుదుము. పలువన్నెల పేటలో కూర్పువాని పని తేలికయని పలువురు తలంతురు. అది సరికాదు. వన్నె మాఱునప్పుడు పరిమాణముగాని, ఆకారముగాని, మెఱుగుగాని మాఱెనా, కన్ను వెంటనే అచ్చట తట్టుకొనును. తక్కినవన్నియు సమముగా నున్ననే వన్నెల భేదము భేదముగాక అందముగా తోచును.

తరువాత ఆమె వన్నెల వరుసను వ్రేలితో చూపెను. కొన్ని హారములలో వన్నె మెల్లమెల్లగా లేతనుండి ముదురునకు పోవును, సంజ యాకాశమువలె. కొన్నిటిలో కలగాపులగముగా నున్నట్లుండును గాని అదియు నొక లెక్కయే: ముదురువన్నె ముత్యములు రెండు ప్రక్కప్రక్కన రావు, మెడ ముందు భాగమున ఒకేవైపు బరువు తోచదు, లేతవి నడుమనడుమ శ్వాసవలె నుండును. మా పేట ఈ రెండవ తీరుది. "అంచుకు నాలుగు రంగులు పట్టుకొచ్చినప్పుడు మేము ఇట్లే కదా సర్దుతాము? ఒకే కుండలో అద్దినా రెండు చిలపలు ఒక్క తీరుగా రావు. నీళ్లు మారితే రంగు మారుతుంది, ఎండ మారితే రంగు మారుతుంది. తేడా తెలిసి సర్దుకుంటే చీర అవుతుంది, తేడా దాచితే కొన్నవాళ్లు తిడతారు" అనెను.

ఆ నేతవృద్ధురాలి మాటకును, శాస్త్రమునకును ఎంత దగ్గఱి సంబంధమో యని మేము ఆశ్చర్యపడితిమి. పెంపకపు మంచినీటి ముత్యమునకు వన్నె ఎచ్చటనుండి వచ్చును? ఒక ఆల్చిప్ప పొరనుండి చిన్నముక్క తీసి మఱియొక ఆల్చిప్పలో నాటుదురు. ఆ ముక్కనిచ్చిన ఆల్చిప్ప జాతిగుణము ముత్యపు వన్నెను కొంతవఱకు నిర్ణయించును. అది పెరిగిన నీరును, దానికి కలిగిన పోషణమును, పొరల మందమును దానితో కలియును. కుండయు, నీరును, ఎండయును కలసి చిలపకు వన్నె నిచ్చినట్లే గదా యిదియు.

చివరకు ఆమె పిల్లను పిలిచెను. "అమ్మీ, ఇట్ల రా" అని ఎదుట కూర్చుండబెట్టి, మొదట తెల్లపేటను ఆమె మెడకు చుట్టెను. తెల్లదనము వేఱుగా, మెడ వేఱుగా తోచెను. రెండును ఒకదాని నొకటి త్రోసివేయుచున్నట్లుండెను. పిమ్మట పలువన్నెల పేటను చుట్టెను. నారింజయు గులాబియు పిల్ల మేనిచాయలోని వెచ్చదనమును పైకి తెచ్చెను. ఊదావన్నె ఆమె తలకురుల నలుపుతో కలసికొనెను. ఎవరును మాటాడలేదు. చామనచాయను గుఱించి ముందునాడు పలికిన బంధువు పంచెపైని మడతను సరిచేయుటలో నిమగ్నుడయ్యెను. మేనత్త మాత్రము పిల్ల గడ్డము పట్టుకొని, "నీ రంగుకు తగినది నువ్వే ఏరుకున్నావే" అనెను. "జేజీ, నాకు నచ్చింది, అంతే" అని పిల్ల నవ్వెను.

మా బావ లేచి, రుసుము ముడి విప్పబోననియు, పాసుపుస్తకము పెట్టెలోనే యుండుననియు చెప్పెను. పెదనాయన తన మాట సాగలేదని కొంత ముభావముగా నున్నను, పెండ్లి పందిటిలో వరుని తల్లి ఆ పేటను చూచి, "ఎక్కడ కొన్నారు వదినా?" యని మా చెల్లెలి నడిగినప్పుడు జవాబు చెప్పినవాడు ఆయనయే. మెఱుగు ఎట్లు చూడవలెనో, కనులు ఎట్లు చికిలింపవలెనో గూడ ఆమెకు వివరించెను. మా మేనకోడలు శిక్షణ ముగించి యిప్పుడు బాలబాలికలకు పాఠములు చెప్పుచున్నది.

ఇట్టి హారములు కొనువారికి మేనత్త పరీక్షతో పాటు మఱి రెండు మాటలు చెప్పవలెను. రంగు పూసిన ముత్యములును అంగళ్లలో కలవు. మంచినీటి ముత్యములలో చిక్కని నలుపు, నీలము, పచ్చ కనబడినచో అవి తఱచు అద్దినవే. తూటిచుట్టు రంగు ముదురుగా పేరుకొని యున్నను, దారమునకు రంగు అంటియున్నను, అన్ని గింజలును తేడాలేక ఒకే ముదురున నున్నను అనుమానింపవలెను. రంగు అద్దినదని చెప్పి అమ్మిన దోషములేదు. చెప్పక అమ్ముటయే దోషము. ఇంటికి తెచ్చిన పిమ్మట అలంకారమంతయు ముగిసిన తరువాతనే ముత్యములు ధరింపవలెను. తీయునపుడు వానినే ముందు తీయవలెను. చెమటయు, అత్తరును వానికి హాని. మెత్తని గుడ్డతో తుడిచి వేఱుగా ఉంచవలెను.

ఏలయనగా ముత్యము సున్నపు జాతిది. పులుపు తగిలిన కరగును. ఈ మాట యాడికి పిల్లలకు సులభముగా బోధపడవలెను. మనము నడచు నేల సున్నపురాతి సీమ. ఇచ్చటి రాతిని సిమెంటు కర్మాగారములు త్రవ్వుకొనుచున్నవి. మనకు సమీపమున నున్న బెలుం గుహలు సున్నపురాతిని నీరు కరగింపగా మూడు కిలోమీటర్లకు పైగా నేర్పడినవి. కోట్లకొలది యేండ్లకు పూర్వము ఈ మెట్టసీమ సముద్రపు టడుగున నుండగా ఆ రాయి పేరుకొన్నది. విద్యార్థులు సున్నపురాతి ముక్కపై నిమ్మరసము గాని, వెనిగరు గాని రెండు బొట్లు వేసి చూచినచో చిన్న బుడగలు లేచును. ఆ రాయియు, ముత్యమును కాల్షియము కార్బొనేటే. స్ఫటికముల అమరిక మాత్రము వేఱు. ఇంటి ముత్యములపై ఈ పరీక్ష చేయరాదని వేఱుగ చెప్పనేల? చేసినచో తల్లులు మమ్ము నిందింతురు!

కావున ప్రియ విద్యార్థులారా, సముద్రము మనకు దూరమైనదని తలంపకుడు. మీ ఊరి రాళ్లను, గింజలను, మగ్గముపై పట్టును పగటి వెలుతురులో తీరికగా చూచుట నేర్చుకొనుడు. తెల్లజొన్న ప్రక్క పచ్చజొన్నను, నల్లరేగడి ప్రక్క ఎఱ్ఱనేలను పెట్టి చూడుడు. ఏది తక్కువయని తీర్పు చెప్పుటకు ముందు దానికి ఆ వన్నె ఎట్లు వచ్చెనో అడుగుడు. మీ యింట ముత్యాల పేటయుండి, దానిలో గింజలు ఒకే తీరున లేవని యెవరైన చిన్నబుచ్చినచో, దానిని ఉత్తరపు పంచలో తెల్లని గుడ్డపై పఱచి, కనులు సగము మూసికొని చూడుడు. ప్రతి గింజలోను మీ వాకిలి కనబడినచో మీ అమ్మగారితో ఆ సంగతి తప్పక చెప్పుడు.